గొడుగు గుర్తుకు నూట పన్నెండు

రికార్డు గుమాస్తా పదకొండో కట్ట విప్పి, దుమ్ము దులిపి, రెండుసార్లు తుమ్మి మళ్లీ ముడి వేశాడు. పొద్దున్నించీ ఇదే పని. ఆ కట్టలన్నీ ఒకే పార్లమెంటు నియోజకవర్గానివి. దాన్ని రద్దుచేసి, మూడు ముక్కలుగా ఇరుగుపొరుగు నియోజకవర్గాలకు పంచేసి తొమ్మిదేళ్లయింది. దాని చరిత్ర మాత్రం ఈ గదిలో మిగిలింది: పద్నాలుగు ఎన్నికలు, పద్నాలుగు కట్టలు, కాపలాకి ఆయన. సాయంత్రం వ్యాను వచ్చి కట్టల్ని తీసుకుపోతుంది. ఆయన ఉద్యోగం కూడా ఇవాళ్టితో సరి. కట్టలకీ తనకీ ఒకేరోజు నూకలు చెల్లాయని నవ్వుకున్నాడు. ఆ నవ్వు పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

భార్య పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఒక గది, ఒక మంచం, ఒక కంచం. మనుషులతో కంటే ఓడిపోయినవాళ్ల పేర్లతోనే ఆయనకు పరిచయం ఎక్కువ. ఎవరికెన్ని ఓట్లొచ్చాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

వారం కిందట పైనుంచి కొత్త జాబితా వచ్చింది. వెయ్యిలోపు ఓట్లొచ్చిన వాళ్లందర్నీ అందులో ‘ఇతరులు’ అని ఒక్క వరసలో కలిపేశారు. ఇకమీదట ఉండేది ఆ జాబితానే. కాగితాలు మిల్లులో గుజ్జుకి పోతాయి. ఏడో ఎన్నికలో ఆయన తండ్రి ఆ ‘ఇతరుల్లో’ కలిసిపోయాడు.

తండ్రికి సైకిళ్ల షాపు ఉండేది. ఎవరు చెప్పినా వినకుండా గొడుగు గుర్తు మీద ఒంటరిగా నిలబడ్డాడు. అద్దె సైకిలు మీద మైకు కట్టుకుని, గొంతు పోయేదాకా తిరిగాడు. నూట పన్నెండు ఓట్లు వచ్చాయి. ఊరంతా ఆయన్ని ‘నూటపన్నెండు’ అని పిలిచింది. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. “నూట పన్నెండు మంది నన్ను నమ్మార్రా! అందులో మనింటివే మూడు,” అని పోయేదాకా చెప్పుకున్నాడు.

మూడు కాదు, రెండు. అప్పుడు గుమాస్తాకి ఇరవై ఒకటి. మొదటి ఓటు. స్నేహితుల ఎగతాళికి తల కొట్టేసినట్టయి, గెలిచే మనిషికి గుద్ది వచ్చాడు. తండ్రి ఆ రాత్రి భుజం తట్టాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ దిగలేదు.

నాలుగింటికి కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ జాబితా పట్టుకుని కూర్చుంది. అప్పగింతలో ఇచ్చేవాళ్లు పైకి చదవాలి, తీసుకునేవాళ్లు టిక్కు పెట్టాలి. ఆరు కట్టలు సాఫీగా సాగాయి. ఏడోది విప్పి ఆయన ఎనిమిది పేర్లు చదివి, గుక్క తిప్పుకుని, తొమ్మిదోది కూడా చదివాడు.

“గొడుగు గుర్తు. నూట పన్నెండు.”

“ఆయన నా లిస్టులో లేరే, సార్.”

“కాగితంలో ఉన్నాడమ్మా.”

“ఇతరుల్లో కలిపేశారు కదా. చదవక్కర్లేదు.”

ఆయన తరవాతి కట్ట అందుకోలేదు. వేలు ఆ వరస మీదే ఉంది. ఆమె ముందుకు వంగి ఆ వరస చదివింది.

“మీకేమవుతారు?”

“మా నాన్న.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “ఒక కాగితం మీద రాసివ్వండి. పైవాళ్లని అడిగి చూస్తాను. మాటివ్వలేను సార్.”

“అడిగితే చాలమ్మా.”

మిగతా కట్టలు చదవడం అయిపోయింది. ఆమె వ్యాను దగ్గర లెక్క చూసుకుంటుంటే, ఆయన స్కేలు పెట్టి అయిదు గడులు గీశాడు. తండ్రి పేరు గుండ్రంగా, నిదానంగా రాశాడు. తాళంచెవులు బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా లేడు.

ఆమె తిరిగొచ్చేసరికి గది ఖాళీ. తాళంచెవుల కింద కాగితం రెపరెపలాడుతోంది. పేరు, వృత్తి, గుర్తు, ఓట్లు. చివరన వివరణ గడిలో అదే గుండ్రటి రాత: ‘ఇందులో కొడుకు ఓటు లేదు.’