చేతుల మంట

వంటింటి అల్మరాకు తాళం వేసి, చెవిని కొంగున ముడేసుకున్నప్పుడు కొండమ్మ తాను మంచిపనే చేశాననుకుంది. మరేం చేస్తుంది పాపం! కూతురు మహిమ నల్లపాడు బడిలో టీచరు. పొద్దున ఖాళీ కడుపుతో వెళ్తుంది, క్యారేజీ తెరవకుండానే తిరిగి తెస్తుంది. సాయంత్రం వంటింటి తలుపు వేసుకుని గిన్నెడన్నం, డబ్బాడు జంతికలు, దొరికిందల్లా కడుపు నొప్పి పుట్టేదాకా తింటుంది. ఆకలి రుచెరగదంటారు గాని, ఈ పిల్లది ఆకలి కూడా కాదు. తిన్నాక ఏడుస్తుంది. రేపంతా పస్తే అని ఒట్టేసుకుంటుంది.

తాళం వేసిన రోజు మహిమ పచ్చిబియ్యం నమిలింది. అది కొండమ్మ కంట పడింది. మర్నాడే ఇద్దరూ గుంటూరు వెళ్ళి డాక్టర్ రిహానా ముందు కూర్చున్నారు.

"ఎంత చెప్పినా నోరు కట్టుకోదండీ," అంది కొండమ్మ.

"కట్టుకోబట్టే ముదిరిందమ్మా ఈ జబ్బు," అంది డాక్టరమ్మ. "పగలంతా పస్తుంటే సాయంత్రానికి ఒళ్ళు మాట వినదు. మూడు పూటలా వేళకు తినాలి. వారానికోసారి వచ్చి నాతో మాట్లాడాలి. ముందు ఆ తాళం తీసెయ్యండి." తర్వాత మహిమ వైపు తిరిగింది. "పస్తులు ఎప్పుడు మొదలెట్టావమ్మా?"

"స్టాఫ్‌రూములో నేను కూర్చుంటే కుర్చీ కిర్రుమంది. అందరూ నవ్వారండీ. ఆ రోజు నుంచి."

"ఎవరితో కలిసి తింటావు?"

మహిమ తల దించుకుంది. "ఎవరితోనూ తిననండీ. చిన్నప్పుడు అమ్మ మిరపకాయల తొడిమలు తియ్యడానికి పోయేది. చేతులు మంటలని అన్నం కలిపి పెట్టేది కాదు. మూతేసిన గిన్నె ఉండేది. ఏడుపొచ్చినప్పుడల్లా ఆ గిన్నె దగ్గరికే పోయేదాన్ని."

కొండమ్మ తన అరచేతుల వంక చూసుకుంది. పసిదాని నోరు మండుతుందని భయపడిందే గాని, పెట్టాలని లేకనా!

"మీ తప్పేం లేదమ్మా. ఇకనుంచి పక్కన కూర్చుని తినండి," అంది డాక్టరమ్మ.

తెల్లారి కొండమ్మ తాళాన్ని పాత ఇనుము సంచిలో పడేసింది. ప్రార్థన చేసుకుని పప్పన్నం కలిపింది. అప్పటికే మూడుసార్లు చెయ్యి కడుక్కుంది. అయినా ముద్ద పట్టుకుని తటపటాయించింది.

"మండుద్దేమోనే."

"నువ్వా పని మానేసి ఆరేళ్ళయిందమ్మా," అంటూ మహిమ నోరు తెరిచింది.

జబ్బు ఒక్క ముద్దకు పోయేది కాదు. ఆ నెలలో రెండుసార్లు మహిమ మళ్ళీ సాయంత్రం గిన్నె ముందు కూలబడింది. రెండోసారి మాత్రం తలుపు వేసుకోలేదు.

"అమ్మా, ఇటు రా. నా పక్కన కూర్చో," అని పిలిచింది.

కొండమ్మ పరుగున వెళ్ళింది. గిన్నెలో ఇంకా సగం అన్నం ఉంది.