తీరం కోత కోసమన్నారు

నేను ఒక కెమెరాను. పొడుగు లెన్సు తగిలించిన కెమెరాను. ఫ్యాక్టరీలో నాతోపాటు పుట్టినవాళ్ళు కొందరు క్రికెట్ మైదానాలకు వెళ్ళారు, కొందరు పులులున్న అడవులకు వెళ్ళారు. నన్ను భూమి చుట్టూ తిరిగే వ్యోమ కేంద్రానికి పంపారు. పంపేముందు నా ఒంటికి ఒక స్టిక్కర్ అంటించారు, 'సమస్త మానవాళి మేలు కోసం' అని. ఇప్పుడు నేను ఆ కేంద్రానికి తగిలించిన చెత్త ఓడలో, మాసిన బట్టల మూటలకూ వాడేసిన ఫిల్టర్లకూ మధ్య ఇరుక్కుని ఉన్నాను. స్టిక్కర్ మాత్రం ఊడలేదు. దాన్ని తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మొదట్లో నా బతుకు బాగానే ఉండేది. ఎంత చదివినవాడైనా అక్కడ భూమి కనబడే కిటికీ దగ్గరికి రాగానే ముందు తన ఊరే వెతుక్కుంటాడు. ఒక డాక్టరుగారు పక్క జిల్లాను తన ఊరనుకుని తీసి ఇంటికి పంపారు. వాళ్ళావిడ అందులో తమ మేడను కూడా గుర్తుపట్టిందట. ఇలాంటివి చూసి నవ్వుకునేదాన్ని.

ఆ తరవాత మైలపల్లి పోలేశ్వరి చేతికి వచ్చాను. శ్రీకాకుళం తీరంలో చేపల వేటకెళ్ళే కుటుంబం ఆమెది. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. పెద్దలు చెప్పిన పనిని చెప్పినట్టు చేస్తేనే ఇంతదూరం వచ్చానని ఆమె నమ్మకం. అందుకే ఏ పని చెప్పినా ఎందుకని అడిగేది కాదు.

మేముండే చోటు నుంచి చూస్తే నేల వెనక్కి పరుగెడుతూ ఉంటుంది. నన్ను కదలకుండా పట్టుకుంటే ఫొటో అలుక్కుపోతుంది. నేలతోపాటు నన్నూ అదే వేగంతో తిప్పాలి. మిగతావాళ్ళకు పది తీస్తే ఒకటి కుదిరేది. పోలేశ్వరి చిన్నప్పుడు నాన్న లచ్చయ్య దగ్గర విసురువల వేయడం నేర్చుకుంది. వల విసిరేముందు నడుము తిరిగినట్టే ఆమె నాతోపాటు తిరిగేది. ఒక్క ఫొటో చెదిరేది కాదు. ఆ చేతిలో ఉన్నన్నాళ్ళూ నాకు గర్వంగా ఉండేది.

ఆ చెయ్యే మా కొంప ముంచింది. కింద ఫొటోల పని చూసే అధికారి చక్రధర్ ఆమెను తెగ మెచ్చుకుని, ప్రత్యేకంగా ఒక పని ఇచ్చాడు. పొరుగు దేశపు ఒడ్డు ఒకటి సముద్రం కోతకు గురవుతోందట, దాన్ని వీలైనన్నిసార్లు తీయాలన్నాడు. అదీ పొద్దు బాగా వాలినప్పుడు, నీడలు పొడుగ్గా పడే వేళ. పోలేశ్వరి సొంత ఊళ్ళో రెండు వీధులు కడలి మింగేయడం చూసిన మనిషి. తీరం కోత అనగానే మరో మాట లేకుండా ఒప్పుకుంది. అన్నం వదులుకుని కిటికీ దగ్గర కాచుకుని తీసి, కిందికి పంపింది.

వారానికోసారి ఇంటివాళ్ళతో మాట్లాడనిస్తారు. ఆ వారం లచ్చయ్య తెరమీదికి వచ్చాడు. తిన్నావేటమ్మా అని అడిగాడు. మనింటి మీద టార్పాలిన్ ఎగిరిపోనాది, పైనుంచి కనబడతందేటి అన్నాడు. పోలేశ్వరి నవ్వింది. ఆ తరవాత ఆయన గొంతు తగ్గించాడు.

"అవతలొడ్డున ఎండుచేపల పందిళ్ళున్నాయి సూడు, ఇంజను సెడిపోయి మేం కొట్టుకుపోతే ఆళ్ళు గంజి పోసి పడుకోబెట్టినారని సెప్పేవోడిని. ఇప్పుడు మనోళ్ళ యుద్ధ ఓడొకటి ఆటికెదురుగా నిలబడిపోనాదటమ్మా. పందిళ్ళు పీకకపోతే పేల్చేత్తారని ఆళ్ళకి బయం. ఆళ్ళూ ఏటకెల్లట్లేదు, మనమూ ఎల్లట్లేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. మాటలయ్యాక తను తీసిన ఫొటోలు తెరమీద పెట్టింది. మనుషులు కనబడేంత చూపు నాకు లేదు. కానీ ఇసుక మీద ఎత్తైన పందిళ్ళ వరసలు, వాటి పొడుగాటి నీడలు ఉన్నాయి. నీడ తెలిస్తే ఎత్తు లెక్కగట్టొచ్చు. ఆమె చదువుకున్న మనిషి, అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

మొట్టమొదటిసారి ఎందుకని అడిగింది.

"సార్, కోత కొలవడానికి నీడలెందుకు?"

చక్రధర్ కాసేపు నసిగాడు. ఆ స్తంభాలు సైనిక యాంటెన్నాలని కొందరి అనుమానమన్నాడు.

"అవి చేపలెండేసే పందిళ్ళు సార్. మా నాన్న వాటికింద పడుకున్నాడు."

"అయ్యుండొచ్చమ్మా. ఎత్తు తేలాలి కదా."

ఉపగ్రహాలు ఉండగా ఈ కిటికీ ఫొటోలెందుకని అడిగింది. దానికాయన దాపరికం లేకుండా, కాస్త గర్వంగానే చెప్పాడు. "ఉపగ్రహం ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు, ఆ వేళకు కప్పేసుకుంటారు. సెలవు పూట కిటికీలోంచి ఫొటోలు తీసుకునే అమ్మాయిని చూసి ఎవరు కప్పుకుంటారు?"

ఇక తీయనంది. నువ్వు కాకపోతే వచ్చే బృందం తీస్తుంది, నీలా తిప్పే స్టాండు కూడా తయారవుతోంది, కెమెరా అక్కడే ఉంటుందిగా అన్నాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. చంటిపిల్లకు సర్దిచెప్పినట్టు చెప్పాడు.

కెమెరా అక్కడే ఉంటుందిగా. ఆ మాట విని నాలో గాజు బీటలు వారనందుకు ఇప్పటికీ నాకు సిగ్గే. తుపాకీకి తను తుపాకీనని తెలుసు. నన్ను అందమని, చదువని, మానవాళి అని చెప్పి వాడుకున్నారు.

ఆమె ఇక వాదించలేదు. మర్నాటి నుంచి చెయ్యి తిప్పడం మానేసింది. నన్ను రాయిలా పట్టుకుని మీట నొక్కేది. ఆ ఒడ్డు, ఈ ఒడ్డు, ఆఖరికి తన ఊరు కూడా అలుక్కుపోయింది. కింద కంగారుపడ్డారు. ఏమైందని చక్రధర్ అడిగాడు.

"లెన్సులో గాజు కదిలిపోయింది సార్. ఇక పనికిరాదు."

ఏ గాజూ కదల్లేదు. అబద్ధమంటే ఎరగని మనిషి ఆడిన అబద్ధం నా నెత్తిన పడింది. కోపం రాలేదని చెప్పను. కానీ అంత పొడుగు లెన్సు అక్కడ నేనొక్కదాన్నే. ఇంకొకటి వచ్చేలోగా ఆమె కిందికి దిగుతుంది. దిగాక ఈ సంగతంతా అందరి ముందూ చెబుతానని నా గాజు తుడుస్తూ అంది. చెబుతుందో, చెప్పనిస్తారో నాకు తెలియదు. నన్ను మూటల మధ్య పెట్టి, తలుపు వేసేముందు ఒకసారి వెనక్కి చూసింది.

ఈ ఓడను గాలిపొరలో కాల్చేస్తారు. కాలగా మిగిలిన ముక్కలు ఎవరి నెత్తినా పడకూడదని, ఊళ్ళూ పడవలూ లేని సముద్రం ఎక్కడుందా అని కింద ఎంతోమంది కూర్చుని లెక్కలు కడుతున్నారు. గాలినీ వేగాన్నీ సరిచూసుకుంటున్నారు, ఆ దారిలో వెళ్ళే ఓడలకు ముందే కబురు పెడుతున్నారు. చెత్త విషయంలో ఇంత జాగ్రత్త తెలిసినవాళ్ళే. నా ఫొటోలు ఎవరి నెత్తిన పడతాయో ఒక్కరూ లెక్క కట్టలేదు.