మానేయడానికి కారణం

మా చెల్లెలు ఆర్డిస్ అమెరికా ఉత్తరాన డులూత్‌లో మా ఇంట్లో కూర్చుని పెట్టె సర్దుతోంది. డెబ్బై రెండేళ్ళది, ఈతదుస్తులు మడిచి పెడుతోంది! దక్షిణాన ఎండల ఊరు టూసాన్‌లో ఉన్న వెండెల్ అనే ఆయన్ను చూసి పది రోజుల్లో వచ్చేస్తానంది. ఎవరు ఊరికి బయలుదేరినా తిరిగి రారేమోనని నాకు భయం.

పెద్దవయసు వాళ్ళకు జోడీ కుదిర్చే వెబ్‌సైట్‌లో వారం ఉచితమంటే అది చేరింది. వెండెల్ అక్కడే తగిలాడు. ఆ మధ్యాహ్నం పన్నెండు దాటితే ఏడాది చందా మూడు వందల డాలర్లు దాని కార్డులోంచి వాటంతటవే పోతాయి.

"అక్కా, నా చేతులు ఖాళీ లేవు. నువ్వు రద్దు చెయ్యి."

"నిజంగా మమ్మల్ని వదిలి వెళ్తారా?" అని ఆ పేజీ మూడుసార్లు అడిగింది. నా వేలు ఆగిపోయింది.

"నొక్కక్కా, అదేం ఏడవదులే!"

చివర్లో కారణం చెప్పమంది. నేను "ఎవరూ నచ్చలేదు" అన్నది నొక్కబోయాను.

"అది కాదు, దాని కిందది," అంది ఆర్డిస్, పెట్టెలోకి చూస్తూ.

కింద "నాకు తోడు దొరికింది" అని ఉంది.

"పది రోజులన్నావు కదే?"

"పన్నెండవుతోంది, నొక్కు!" అంటూ పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నొక్కాను.

డబ్బు పోలేదు. ఆర్డిస్ 2018 అక్టోబరు తొమ్మిదిన వెళ్ళింది, మళ్ళీ రాలేదు.