అమ్మ పెట్టిన టిక్కులు

"ఇవాళ వాడు లేవకపోతే?" అంది తల్లి, ఇంకా పొయ్యి కూడా వెలిగించకుండానే.

"లేస్తారు అత్తయ్యా. రోజూ లేస్తూనే ఉన్నారుగా," అంది కోడలు జడ అల్లుకుంటూ.

"రోజూ లేచాడు కాబట్టి ఇవాళా లేస్తాడని ఎవరైనా రాసిచ్చారా?"

అతను లేచాడు. వచ్చి బరువు చూసే మిషనెక్కి నిలబడ్డాడు. అంకె నిన్నటిదే. తల్లి దాన్ని నోటుబుక్కులో రాసుకుని, కిందికి వంగి కొడుకు పాదాలకు వాపుందేమోనని వేలితో నొక్కి చూసింది. గుంట పడలేదు. అయినా రెండోసారి నొక్కింది.

ఆ కొడుక్కి ముప్పై తొమ్మిదేళ్లు. సొంత టైలరింగ్ కొట్టులో కత్తెర పట్టే కటింగ్ మాస్టరు. "పొట్ట లోపలికి పీల్చకండి సార్, చొక్కా మీక్కుడుతున్నా, మీ ఫోటోకి కాదు," అంటూ ఎంత పెద్దమనిషినైనా నవ్వించి కొలతలు తీసుకునేవాడు. గుండె పంపింగ్ బాగా తగ్గిపోయిందని ఏడాది కిందట డాక్టర్లు తేల్చాక, కొట్టు కోడలి చేతికొచ్చింది. "ఆయన కత్తిరిస్తే చొక్కా, నేను కత్తిరిస్తే దిండు గలీబు," అని ఆమే చెప్పుకుంటుంది.

ఇంట్లో మాత్రం అతను తల్లి చేతికొచ్చాడు. చెంబెత్తనివ్వదు, మెట్టెక్కనివ్వదు. నీళ్లు కొలిచి పోస్తుంది, ఉప్పు డబ్బా అటక మీద పెట్టేసింది. పడుకోమంటే పడుకుంటాడు, తినమంటే తింటాడు. ఏమడిగినా "ఊ" తప్ప మాట లేదు. చిన్నప్పుడు ఒక్క మాట వినని పిల్లాడు ఇన్నాళ్లకు బుద్ధిగా ఉన్నాడని మొదట్లో ఆమె లోలోపల మురిసింది కూడా.

నెలకోసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నర్సు ఒక కాగితం ఇచ్చేది. అందులో తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో దిగులుగా ఉందా, నిద్ర చెడిందా, దేనిమీదా ఇష్టం లేకుండా పోయిందా, అలాంటివి. పక్కన 'అసలు లేదు' నుంచి 'దాదాపు రోజూ' దాకా నాలుగేసి గళ్లు. రోగి తనంతట తనే నింపాల్సిన కాగితమది. అతను దాన్ని ఒళ్లో పెట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చునేవాడు. లోపలికి పిలిచేస్తారేమోనన్న కంగారులో తల్లే దాన్ని లాక్కుని, తొమ్మిదింటికీ మొదటి గడిలో టిక్కు పెట్టేసేది. అసలు లేదు, అసలు లేదు, అసలు లేదు.

ఆ రోజు నర్సు అయిదు నెలల కాగితాలు బల్ల మీద వరసగా పరిచింది.

"రెండు వారాల్లో ఒక్క పూటైనా దిగులు పడని మనిషిని నేనింతవరకూ చూళ్లేదు. నాకే ఉంటుంది. ఇవి ఎవరు నింపారు?"

కోడలు అత్తగారి వైపు చూసింది.

"నేనేనమ్మా," అంది తల్లి. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, "రాస్తే నిజమైపోతుందేమోనని భయమేసింది," అంది.

నర్సు కోప్పడలేదు. కొత్త కాగితం, పెన్ను అతని ముందు పెట్టి, "పెద్దమ్మా, మీరు కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చోండి," అంది.

కాసేపటికి పెన్ను కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. ఆమె ఇటు తిరిగేసరికి కాగితం బల్ల మీద ఉంది. టిక్కులన్నీ కుడి చివరి గళ్లకు దగ్గర్లో ఉన్నాయి. ఆఖరి ప్రశ్న, బతికి లాభం లేదనిపిస్తోందా అన్నది. దాని టిక్కు కూడా మొదటి గడిలో లేదు.

తల్లి ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. ఏడాదిగా పాదాల వాపుకు భయపడింది, ఉప్పుకు భయపడింది, మెట్లకు భయపడింది. భయపడాల్సింది పక్కనే కూర్చుని "ఊ" అంటుంటే, బుద్ధి వచ్చిందనుకుంది.

నర్సు వెంటనే డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన అతనితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడి, తరవాత వీళ్లను లోపలికి పిలిచాడు. "ఇది బద్ధకం కాదమ్మా, మొండితనమూ కాదు. డిప్రెషన్. గుండె బలహీనపడ్డవాళ్లలో చాలామందికి వస్తుంది. దీనికి మందుంది, కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లున్నారు, నడక ఉంది. కొన్నాళ్లు అతన్ని ఒంటరిగా వదలకండి. చనిపోవాలన్న మాటొస్తే ఆ క్షణమే మాకు ఫోన్ చెయ్యండి."

"నడకా?" అంది తల్లి గుండె మీద చెయ్యేసుకుని.

"మా పర్యవేక్షణలోనే. ఇంకో మందు మీకు. ఎవరేమడిగినా అతనే జవాబు చెప్పాలి. మీరు చెప్పకూడదు."

గోలీలు మింగడం కన్నా అది కష్టమైన మందు. పక్కింటావిడ "అబ్బాయికెలా ఉంది?" అంటే నోటిదాకా వచ్చిన మాటను మింగి, "వాణ్ణే అడుగమ్మా," అనేది. అతను "ఊ" అనేవాడు. మూడు వారాలు గడిచాక "పర్లేదు" అన్నాడు. అయిదో వారంలో పెళ్లాం తెచ్చిన చొక్కా ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ చంక ఎవరిది, ఏనుగుదా?" అన్నాడు. కోడలు వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది.

ఏడో వారం. ఆసుపత్రి నడక గదిలో నేల మీద పసుపు పట్టీ అంటించిన దారి. అతని వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు. పది చుట్లు చెప్పారు, పదీ వేశాడు. చొక్కా వీపుకంటుకుపోయింది. నర్సు నాడి చూసింది, క్లిప్పులో అంకె చూసింది.

"బాగుంది మాస్టరు గారూ. ఇవాళ్టికి ఆపేసినా ఆపేయొచ్చు. ఇంకో చుట్టు వేస్తారా?"

అతను తల వంచుకుని నిలబడ్డాడు. గోడ గడియారంలో ముల్లు కదులుతోంది. చాలు నాన్నా, వచ్చి కూర్చో అన్న మాట తల్లి నాలుక చివర గెంతుతోంది. కోడలు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. నర్సు తొందరపెట్టలేదు. కుర్చీల్లోని రోగులు కూడా అటే చూస్తున్నారు. తల్లి పళ్లు బిగించింది. ఈ ఒక్క జవాబు వాడిదే కావాలి.

అతను తలెత్తి, పసుపు పట్టీ ఆ చివరిదాకా చూశాడు.

"ఒకటేం సరిపోతుంది సిస్టర్? రెండు వేస్తాను. ఈలోగా మా అమ్మకు కాస్త ఊపిరి పీల్చుకోమని చెప్పండి. ఇందాకట్నుంచీ బిగబట్టుకుని కూర్చుంది."