పొగగొట్టం వైపు

మా నాన్న జెలిగ్ ఎవరి ముందూ తల వంచే మనిషి కాదు. గలాట్స్‌లో టోపీలు కుట్టేవాడు, ప్రార్థనామందిరంలో ముందు నిలబడి ప్రార్థన చదివేవాడు. టోపీకైనా ప్రార్థనకైనా ఆయన చెప్పిందే కొలత.

మా యూదులను ఇళ్లలోంచి ఈడ్చుకుపోవడం మొదలయ్యాక, కాన్‌స్టాంట్సా రేవులో పశువుల్ని మోసే పాత ఓడ ఎక్కాం. పశువులకైతే ఇంకాస్త చోటిచ్చేవాళ్లేమో. అందరూ ఒకే వైపుకి పోకూడదనీ, పోతే ఓడ ఒరిగిపోతుందనీ కెప్టెన్ ముందే హెచ్చరించాడు.

మా పక్కన హిండా అనే బాలింత ఉండేది. బెదురుకి ఆమెకు పాలు ఇంకిపోయాయి. పాలపొడి తెచ్చుకుంది గానీ కలపడానికి నీళ్లు కావాలి. ఓడ మొత్తానికీ పైన కట్టిన రెండు పీపాల నీళ్లే.

నడిసముద్రంలో తెల్లవారింది. మావాళ్లు జెరూసలేం వైపు తిరిగి ప్రార్థన చేస్తారు. అది మాకు ఎడమవైపు. ఉన్నచోటే అటు తిరిగితే చాలు గదా అన్నాడు షూలిం బాబాయి. మధ్యలో పొగగొట్టం అడ్డం.

"ఏంరా, పొగగొట్టానికి మొక్కమంటావా?" అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి ఆయన ఉబ్బిపోయి, రండంటూ చెయ్యి ఊపి ఓడ ఎడమ అంచున ఉన్న కమ్మీ దగ్గరికి నడిచాడు. మగవాళ్లంతా వెంట నడిచారు.

ఓడ ఒరిగింది. ఒక పీపా తాడు తెంచుకుని దొర్లి, కమ్మీ విరగ్గొట్టి సముద్రంలో పడింది. రెండోది పగిలి సగం కారిపోయింది. నావికులు మమ్మల్ని అవతలికి నెట్టాకగానీ ఓడ నిలబడలేదు.

నాన్ననెవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆయన కూతుర్నని చెప్పుకోడానికి నాకు సిగ్గేసింది, హిండా వైపు చూడలేకపోయాను.

ఆపైన మనిషికి సీసా మూతెడు నీళ్లు. సాయంత్రానికి పిల్లాడు ఏడుపు మానేశాడు. హిండా వాణ్ని ఎత్తుకొచ్చి నాన్న ముందు నిలబడింది.

"ఏడవడానికి కూడా వీడిలో తడి లేదు పెద్దాయనా. ఎటు తిరిగి చదివితే నీళ్లొస్తాయో మీరే చెప్పండి."

నాన్న మూటలోంచి పండగ వెండిగిన్నె తీసి, తన మూతెడు అందులో పోశాడు. తర్వాత మనిషి మనిషి దగ్గరికీ వెళ్లి, తల వంచి, గిన్నె పట్టాడు. ఎన్నడూ ఎవర్నీ ఏమీ అడగని మనిషి. నాకు ఏడుపొచ్చింది. పొద్దున ఆయన వెనకాల నడిచిన వాళ్లలో కొందరు మొహం తిప్పుకున్నారు, కొందరు కాస్త పోశారు. షూలిం బాబాయి తన వాటా మొత్తం పోసి, రేపు ప్రార్థన ఎక్కడని మెల్లగా అడిగాడు.

"ఎవరున్న చోట వాళ్లం," అన్నాడు నాన్న, పాలపొడి కలపమని గిన్నె హిండా చేతికిస్తూ.

మర్నాడు నాన్న మసిబారిన పొగగొట్టానికి ఎదురుగా నిలబడ్డాడు. వెనక అందరూ ఎదురుచూస్తున్నారు. ఆయన మొదలుపెట్టడు. హిండా ఉన్న మూలకేసి చెవి పెట్టి, తల దించుకుని అలాగే ఉండిపోయాడు.

చాలాసేపటికి పిల్లాడు ఏడ్చాడు. అప్పుడుగానీ నాన్న నోరు తెరవలేదు.