చెమట పట్టిన పెట్టె

ఆ రేకు పెట్టెను రేకులాయన తన చేత్తో చేసుకున్నాడు. బకెట్లూ గరాటులూ చేసి చేసి చెయ్యి తిరిగినవాడు. అతుకు వేశాడంటే చీమ కూడా దూరదు. పెరట్లో తానే పెంచి, నీడలో ఆరగట్టిన పొగాకును తడిచేత్తో మెత్తబరిచి, కట్టలు కట్టి అందులో అదిమాడు. కట్టలు ఒకదాని మీద ఒకటి పడి, తమలో తాము వేడెక్కి, పచ్చి ఘాటు చచ్చేదాకా మగ్గాలి. తీపీ సువాసనా పట్టించడం ఆ తరవాతి మాట.

నిరుడు అంతదాకా రానే లేదు. ఆకంతా బూజు పట్టి చెత్తకుప్పకు పోయింది.

"ఈసారీ బూజు పట్టిందంటే ఆ మడిలో వంగ నాటేస్తాను. తరవాత నన్నేమీ అనొద్దు," అని భార్య ముందే తేల్చి చెప్పింది. ఆమె అన్నదంటే చేస్తుంది.

కట్టలు తిరగెయ్యడానికి అతను మూత తీసిన రోజు బావమరిది వచ్చాడు. లారీ డ్రైవరు, నోరు ఊరుకోదు.

"మళ్లీ మొదలెట్టావా బావా? నిరుడు ఈ పెట్టె పక్కన కూర్చుని ఇంటికెళితే, ఆ కంపుకి మీ చెల్లెలు నన్ను వసారాలో పడుకోబెట్టింది."

టీ తెచ్చిన భార్య ఆగి, ముక్కు ఎగబీల్చింది. "తడిగుడ్డ మూటగట్టి మరిచిపోయినట్టుంది వాసన."

అతుకుల దగ్గర యాసిడ్ పొగ పీల్చీ పీల్చీ రేకులాయన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. "బూజెలా వస్తుందే? గాలి కూడా దూరని పెట్టె."

"గాలి దూరకపోబట్టే. ఉడికే గిన్నె మీద మూత పెడితే నీళ్లు పట్టవూ?"

"బావా, సాక్షిని పిలవక్కర్లేదు. మూతే నీళ్లు కారుస్తోంది," అన్నాడు బావమరిది.

రేకులాయన మూత లోపల వేలితో రాశాడు. వేలు తడిసింది. పక్క కట్ట లాగితే అంచున తెల్లటి నూగు. నిరుడు ఆకును తిట్టాడు, వానను తిట్టాడు. పెట్టెను మాత్రం ఒక్క మాట అనలేదు.

"నాలుగు చిల్లులు పొడిచెయ్, సరిపోతుంది," అన్నాడు బావమరిది.

"చిల్లుల డబ్బా నేను చెయ్యను," అని రేకులాయన పెట్టె ఖాళీ చేశాడు. టీ చల్లారిపోయింది. చెడిన ఆకులు ఏరి కాల్చేశాడు. మిగిలినవి గాలికి ఆరబెట్టి, గోనెపట్టాలో చుట్టి, పళ్ల దుకాణం నుంచి తెచ్చిన సందుల చెక్కపెట్టెలో పెట్టి పైన బరువుకు బండ ఎక్కించాడు. పొద్దున కొట్టు తెరిచే ముందు లోపలి కట్టలు బయటికీ, బయటివి లోపలికీ మార్చేవాడు. మొదట్లో చెయ్యి పెడితే శవంలా చల్లగా తగిలేది. అయినా మార్చడం మానలేదు. ఒకనాడు నడుమ చెయ్యి పెడితే, జ్వరం వచ్చిన పిల్లాడి కడుపులా వెచ్చగా తగిలింది.

అప్పటినుంచి ఒక ఆకు పట్టుకుని వంటింట్లోకి వెళ్లేవాడు. "వాసన చూడు."

"ఘాటు కళ్లల్లోకి కొడుతోంది. ఆగండి."

మళ్లీ వెళ్లేవాడు. "ఇంకా ఆగండి."

ఆగాడు. మరో పొద్దున ఆమె ఆకును ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే తిరిగి ఇవ్వలేదు. అటూ ఇటూ తిప్పింది. "ఎండు ఖర్జూరంలా ఉంది," అంది, తనకే నమ్మకం కలగనట్టు.

అతను బెల్లం నానేసి, లవంగాల డబ్బా అందుకున్నాడు.

"అదిలా ఇవ్వండి. మీరు వేస్తే ఎక్కువై పళ్లపొడి అవుతుంది," అంటూ ఆమె చెయ్యి చాపింది.

డబ్బా ఇచ్చేసి, రేకులాయన కట్టలు విప్పడానికి చాప పరిచాడు.