తీగ పక్కన ముడి

ఆకుపచ్చ దారం మళ్ళీ తెగింది. మెషీన్ ఆపి, తెగిన కొసను నాలుక మీద తడిపి, ఒక కన్ను మూసి సూది బెజ్జంలోకి ఎక్కించాడు కండె. పొట్టిగా, నడుము దగ్గర లావుగా ఉంటాడని దారపు కండెతో పోల్చి ఎవరో పెట్టిన పేరు అది. అసలు పేరు జీతమిచ్చే యజమానికి కూడా గుర్తులేదు. గుర్తుంచుకోవాల్సిన అవసరం ఎవరికి పడింది గనక!

ఎంబ్రాయిడరీ షెడ్డులో మెషీన్ మోత మొదలైతే మనిషి మాట వినబడదు. అతని కళ్ళు మాత్రం కుట్టు మీద కాక, మూలనున్న పాత కంప్యూటరు మీదే ఉన్నాయి. కొత్తది వచ్చింది. నడుస్తున్న డిజైన్లన్నీ యజమాని దాంట్లోకి మార్చుకున్నాడు. సాయంత్రం పాతసామాన్లవాడు వచ్చి పాతదాన్ని పట్టుకుపోతాడు. దాంతోపాటు అక్క వేసిన తీగ డిజైను కూడా పోతుంది.

పొద్దున అక్క మంచం మీంచి అడిగింది. నెలల తరబడి లేవలేక పడుకున్న మనిషి, మందు చేదుగా ఉందని కూడా అనని మనిషి, అడగక అడగక అడిగింది.

"ఒరేయ్, మనం మొట్టమొదట కుట్టిన తీగ ఉంది చూడు. ఒక్కసారి చూపించరా. చివరి ఆకు ఎటు తిప్పానో గుర్తురావట్లేదు."

"అదెంత పని!" అనేసి వచ్చాడు.

అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా, మధ్యాహ్నం ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. 'కొత్తవి' అనే ఫోల్డరు తెరిస్తే లోపల 'అసలు కొత్తవి'. దాని లోపల 'కొత్తవి పాతవి'. ఇంకా లోపలికి పోతే 'ఇదే ఫైనల్', దాని పక్కనే 'ఇది కాదు ఫైనల్'. ఆ పేర్లు పెట్టిన మహానుభావుడు తనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది.

"బాబాయ్, మౌసును అలా పొడిస్తే ఫైలు భయపడి బయటికి రాదు," అంది వెనక నుంచి యజమాని కోడలు. షెడ్డులో కంప్యూటర్ల పని ఆ పిల్లదే. "దేనికోసం?"

చెప్పాడు.

"పేరు?"

"తెలీదమ్మా."

"ఎప్పటిది?"

"కంప్యూటరు కొన్న కొత్తలోది."

ఆమె చూసింది. అన్నిటి మీదా ఒకటే తేదీ, ఎప్పుడో డిస్కు మార్చినప్పటిది. "పేరూ లేదు, తేదీ లేదు. తప్పిపోయిన మనిషిని వెతకాలన్నా ఒక పుట్టుమచ్చ చెప్పాలి కదా బాబాయ్!"

పుట్టుమచ్చ.

ఆ రోజుల్లో ఇద్దరికీ కలిపి ఒకటే స్టూలు. అక్క డిజైను వేసేటప్పుడు అతను నిలబడేవాడు, అతను దారాలు ఎక్కించేటప్పుడు ఆమె. చేత్తో పూలు కుట్టుకునే మనిషి, బట్టలు ఇస్త్రీ చేసినట్టు మౌసును బల్లంతా రుద్దేది. ఏ డిజైనైనా సరే, అయిపోయాక గోరంత పక్కకు జరిగి, ఒకే చోట మూడు కుట్లు వేసి ముగించేది. ఏ గుడ్డకు ఆ గుడ్డ ఆ ముడి కత్తిరించలేక అతని చేతులు పడిపోయేవి.

"మెషీనే ముడేస్తుంది కదక్కా! మధ్యలో నీ గోలేంటి?"

"దాని ముడి దానిది, నా ముడి నాది. ముడెయ్యకుండా లేస్తే, కుట్టంతా విప్పుకుపోయినట్టు నాకు నిద్ర పట్టదురా."

కసి కొద్దీ ఆ దారం ముక్కలన్నీ ఆమె జుట్టులోకి విసిరేవాడు. సాయంత్రానికి తలనిండా రంగురంగుల ముక్కలతో, దులుపుకోకుండానే ఇంటికి నడిచేది. "పూలు కొనే ఖర్చు తప్పింది," అనేది.

అతను ఆ ముడి సంగతి చెప్పగానే కోడలు కుర్చీ లాక్కుంది. "డిజైను చివర పక్కకు జరిగి, ఒకేచోట మూడు కుట్లు. ఇది చాలు. చిన్న స్క్రిప్టు రాస్తాను. ఒక్కో ఫైలూ తెరిచి, చివర్లో ఆ ముడి ఉందో లేదో అదే చూసొస్తుంది."

నాలుగు వరుసలు రాసి నొక్కింది. తెర మీద ఏమీ రాలేదు.

"అయ్యో, నాదే తప్పు. పై ఫోల్డరు ఒక్కటే చూసింది. లోపలి వాటిలోకి దిగమని చెప్పలేదు."

"బావిలోకి దిగినట్టా?"

"అంతే. తాడు అక్కర్లేదు."

ఈసారి పేర్లు వచ్చాయి. ఒకదాని కింద ఒకటి, ఆగకుండా వచ్చాయి. అక్క ఇన్ని వేసిందా! "మొదటిది చాలా చిన్నదమ్మా," అన్నాడు. అన్నిటికంటే చిన్న ఫైలు తెరిచిందామె.

సన్నని తీగ. ఆకులన్నీ గాలికి వంగినట్టు ఒకే వైపు ఉన్నాయి. చివరి ఆకు మాత్రం వెనక్కి తిరిగి ఉంది. అప్పట్లో ఇదేంటని అడిగితే అక్క ఏమందో ఇప్పుడు గుర్తొచ్చింది. "ఎవరో పిలిచారురా దాన్ని."

తెల్లగుడ్డ ముక్క బిగించి మెషీన్ నడిపాడు. ఈసారి దారం తెగలేదు. తీగ అయ్యాక సూది గోరంత పక్కకు జరిగి, టకటకమని మూడు కుట్లు వేసి ఆగింది. అలవాటుకొద్దీ కత్తెర అందుకున్నాడు. ఒక్క క్షణం చూసి, పక్కన పెట్టేశాడు.

గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని బయటికి వస్తుంటే, పాతసామాన్లవాడు కంప్యూటరును బండిలోకి ఎత్తుతున్నాడు. అన్నం డబ్బా షెడ్డులోనే మరిచిపోయాడు.

ఇంటికి చేరేసరికి బావ గుమ్మంలోనే ఉన్నాడు. "మెల్లగా రారా. మధ్యాహ్నం అనగా పడుకుంది. నువ్వొచ్చాక లేపుదామని ఊరుకున్నా."

కండె చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, మంచం పక్కన కూర్చున్నాడు. గుడ్డ విప్పి ఆమె దిండు మీద పరిచాడు. చెయ్యి పట్టుకున్నాడు. చల్లబడిపోయి ఉంది.

"అక్కా," అన్నాడు, బావకు వినబడనంత నెమ్మదిగా. "వెనక్కి తిప్పావే."

బావ నీళ్ళగ్లాసుతో లోపలికొచ్చాడు. కండె ముఖం చూసి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

దిండు మీద, ఆ తీగకు గోరంత దూరంలో, కత్తిరించని ఆకుపచ్చ దారపు కొస ఫ్యాను గాలికి కదులుతూ ఉంది.